కెమెరా మీద రెక్సిన్ రెప్ప

ఆ పొద్దున సీటు కవర్ల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు స్నానం చేసి వచ్చేలోగా ఆమె కొత్త ల్యాప్‌టాప్‌కు రెక్సిన్ కవరు తొడిగేయాలి. పది గంటలకు విశ్వవిద్యాలయం మేడం వీడియోలో మాట్లాడే వేళకు అది కొత్త కారు సీటులా మెరిసిపోవాలి. అంతే.

కార్లకు, బస్సులకు సీటు కవర్లు కుట్టి బతికే మనిషికి ఏ వస్తువైనా బోసిగా కనబడితే ప్రాణం ఒప్పదు. ఆయన ఇంట్లో టీవీ రిమోటుకు కవరుంది, ఫ్రిజ్ పిడికి కవరుంది, ఆ కవర్లు కుట్టే మిషనుకూ కవరుంది. దానికి తోడు మనిషి పిరికివాడు. గ్యాసు కట్టామో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చే రకం. అయితే ఈ మధ్య పట్టుకున్న భయం ముందు గ్యాసు భయం ఏ మూలకూ రాదు. కూతురికి విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకుంటానని ఆ పిల్ల అంది. పిల్ల గొంతు వినబడని ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకోగానే మేస్త్రికి గుండెల్లో రాయి పడింది.

ఇంట్లో కూర్చుని కూడా ఆ చదువు చదవొచ్చని ఎవరో చెప్పారు. ఇక ఆయన పట్టిన పట్టు వదల్లేదు. ల్యాప్‌టాప్ కొనిపెడతానన్నాడు, కిటికీ పక్కన బల్ల వేయిస్తానన్నాడు, బతిమాలాడు. చివరికి అమ్మాయి ఒప్పుకుంది. ఒప్పుకోలేదు, ఊరుకుంది. ఆ రెంటికీ తేడా ఉంటుందని మేస్త్రికి తట్టలేదు. అయితే ఒక మెలిక ఉంది. ఇంట్లో సరైన మిషనూ, చదువు సాగే వాతావరణమూ ఉన్నాయని మేడం వీడియోలో కళ్ళారా చూసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే హాస్టలే గతి.

ల్యాప్‌టాప్ ఎంపిక కూడా మేస్త్రి పద్ధతిలోనే జరిగింది. దుకాణంవాడు పలుచటి మిషను ఒకటి రెండు వేళ్ళతో పైకెత్తి, "ఈక ముక్కలా ఉంటుందండీ, సంచిలో పడేసుకుని ఎక్కడికైనా వెళ్ళిపోవచ్చు" అన్నాడు. ఆ మాటకు మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అబ్బే, ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేనిది చూపించండి. బాగా బరువుండాలి."

కంప్యూటర్ల మరమ్మతు తెలిసిన బావమరిది పక్కనే ఉండి నెత్తి కొట్టుకున్నాడు. అయినా ఆ దుకాణంలో అన్నిటికంటే బరువైనదే ఇంటికొచ్చింది. నిన్న సాయంత్రం అతనే కూర్చుని అందులో అవసరమైనవన్నీ పెట్టి, మిగతావి పొద్దున తెరవగానే వాటంతటవే సర్దుకుంటాయని చెప్పి వెళ్ళాడు.

ఇదిగో, ఇప్పుడు మేస్త్రి కవరు తొడిగాడు. ముదురు గోధుమరంగు రెక్సిను, లోపల పలుచటి స్పాంజి, అంచులకు పైపింగు. మీటలకూ తెరకూ మాత్రం జాగా వదిలి, మిగతా ఒళ్ళంతా బిగించి కుట్టేశాడు. కెమెరాలు కట్టేసి ఉన్నా మనల్ని చూస్తూనే ఉంటాయని ఒక కారు డ్రైవరు చెప్పగా విన్నాడు కనుక, తెర పైనున్న కెమెరాకు రెక్సిన్‌తోనే చిన్న రెప్ప పెట్టాడు. దానికి ప్రెస్ బటన్ తర్వాత వేద్దామని, అప్పటికి జోడు దారంతో బిగించి వదిలేశాడు. తన పనితనం చూసుకుని మురిసిపోయి, మీట సరిగ్గా అందుతుందో లేదోనని ఒక్కసారి నొక్కి చూశాడు.

తెర నీలంగా వెలిగింది. మధ్యలో ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. కింద తెల్లటి అక్షరాలు: అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి కంప్యూటర్ ఆపవద్దు.

ఆపవద్దన్నదాన్ని ఆపే ధైర్యం మేస్త్రికి ఏ జన్మలోనూ లేదు. నిలబడి చూశాడు. చక్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి లోపలినుంచి గుర్రుమని చప్పుడు మొదలైంది. రెక్సిన్ మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. మేస్త్రికి ముచ్చెమటలు పోశాయి. బావమరిదికి ఫోను చేశాడు.

"భయపడకు బావా, ఛార్జింగులో ఉంది కదా?"

"లేదు. ఎక్కడ పెట్టాలి?"

"పక్కన కన్నం ఉంటుంది చూడు."

మేస్త్రి చూశాడు. పక్కన కన్నం లేదు. నాలుగు వైపులా నున్నటి రెక్సినే ఉంది.

"కవరు కుట్టేశాను రా" అన్నాడు నీరసంగా.

బావమరిది గొంతు తగ్గించి, "బావా, జాగ్రత్తగా విను. మధ్యలో బ్యాటరీ అయిపోయిందంటే ఆ మిషను మళ్ళీ లేవకపోవచ్చు. కోసెయ్" అన్నాడు.

మిషను లేవకపోతే మేడం రాదు. మేడం రాకపోతే హాస్టలు. మేస్త్రి కళ్ళ ముందు కూతురు పెట్టె పట్టుకుని గుమ్మం దిగిపోతున్నట్టు కనబడింది. బ్లేడు తీశాడు. జీవితమంతా రెక్సిన్ కోసిన చెయ్యికి ఆ పూట గురి తప్పింది. కన్నం కుడివైపని గుర్తు. అక్కడ కోశాడు, లేదు. వెనక కోశాడు, వేడిగాలి బుస్సుమని మొహానికి కొట్టింది. పేలిపోతోందనుకుని బల్ల కిందికి దూరాడు. ఆ సమయానికే వంటింట్లోంచి వచ్చిన భార్యకు కనబడింది ఇది: బల్ల కింద భర్త, చేతిలో బ్లేడు, కళ్ళనిండా నీళ్ళు.

"అయ్యో, ఏం చేసుకుంటున్నారండీ!" అని ఆమె కేక పెట్టింది.

"చేసుకోవట్లేదే, చేస్తున్నా! అరవకు, పిల్లకి వినబడుతుంది."

ఆ మాట ఆమెను ఇంకా భయపెట్టింది. "దాని చదువు కోసమైనా ఆ బ్లేడు కింద పెట్టండి" అని ఏడుపు లంకించుకుంది. మేస్త్రి ఆమెకు సర్దిచెప్పే ఓపిక లేక ఎడమవైపు కోశాడు. కన్నం దొరికింది. వైరు గుచ్చాడు. సరిగ్గా అప్పుడే చక్రం ఆగి, తెర మామూలుగా వెలిగింది. మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

అమ్మాయి స్నానం చేసి హడావిడిగా వచ్చి, గాట్లు పడిన కవరునూ, ఏడుస్తున్న తల్లినీ, చెమటతో తడిసిన తండ్రినీ చూసింది. అడగడానికి వ్యవధి లేదు. బల్ల ముందు కూర్చుని మీట నొక్కింది. తెర మీద కళ్ళజోడు పెట్టుకున్న మేడం ప్రత్యక్షమైంది.

"అమ్మా, నీ గొంతు వినబడుతోంది, మనిషివి కనబడటం లేదు. అంతా చీకటిగా ఉంది."

రెప్ప! మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. మేడం కంటపడకుండా మోకాళ్ళ మీద పాకి, బల్ల కిందినుంచి చెయ్యి పైకెత్తి, జోడు దారం కోయసాగాడు. వేడికి రెక్సిను మెత్తబడి బ్లేడు జారుతోంది.

"కదలకు. కదిలావంటే తెగుతుంది" అని కూతురితో గుసగుసలాడాడు.

మేడం కళ్ళజోడు సర్దుకుంది. రెప్ప సగం లేచింది. ఆ సందులోంచి మొట్టమొదట ఆమెకు కనబడింది నిగనిగలాడే బ్లేడు. దాని వెనక వెంట్రుకల చెయ్యి. దాని వెనక కళ్ళు పెద్దవి చేసుకుని బిగుసుకుపోయిన ఆడపిల్ల. ఎక్కడినుంచో ఒక ఆడమనిషి ఏడుపు.

మేడం మొహంలో రంగు మారింది. గొంతు మాత్రం మామూలుగానే ఉంచి, "ఇంట్లో ఉండి చదువుకోవడం నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగింది.

అమ్మాయి జవాబు వెతుక్కుంటోంది. బల్ల కిందినుంచి బొంగురు గొంతు అందించింది.

"ఇష్టమే అను."

మేడం గబగబా ఏదో టైపు చేసింది. ఆ అక్షరాలు తెర మీద మెరిశాయి. బల్ల కింద ఉన్న మేస్త్రికి అవి కనబడే దారి లేదు. అమ్మాయి చదివింది. ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా చెయ్యెత్తి చెవి తాకింది.

"సరే. అలాగే కూర్చో. నేను ఎక్కడికీ వెళ్ళను" అంది మేడం.

రెప్ప పూర్తిగా ఊడేసరికి తలుపు దబదబ మోగింది. మేస్త్రి బ్లేడు చేతిలో ఉండగానే వెళ్ళి తీశాడు. ఎదురుగా పోలీసు యూనిఫారంలో ఒకావిడ.

"బ్లేడు కింద పడెయ్యండి" అందావిడ.

మేస్త్రి బ్లేడుతో పాటు తనూ కింద పడ్డాడు. ఏమడిగినా "కవరండీ, కవరండీ" అనడం తప్ప నోట మాట రాలేదు. తల్లి ఏడుపు మధ్యలో కొంతా, ఫోనులో బావమరిది మరికొంతా చెప్పాక ఆవిడకు సంగతి అర్థమైంది. ముక్కలైన రెక్సిన్ చేతిలోకి తీసుకుని, నవ్వు ఆపుకుంటూ తెర ముందుకు వంగింది.

"మేడం, మీరు కబురు చేశారు గానీ, ఈయన వల్ల ఎవరికీ ప్రమాదం లేదండీ. నన్ను చూసే వణికిపోతున్నాడు."

"చాలా సంతోషం. కానీ ఈ ఇంట్లో చదువు సాగుతుందని మాత్రం నేను ఒప్పుకోలేను. ఇబ్బందిగా ఉంటే మాట్లాడకుండా చెవి తాకమని రాశాను, పిల్ల తాకింది. హాస్టల్లో గది ఇస్తున్నాం. రేపే రమ్మనండి" అంది మేడం. తెర ఆరిపోయింది.

పోలీసావిడ వెళ్ళిపోయింది. మేస్త్రి నేల మీదే కూర్చుండిపోయాడు. దేనికి భయపడి ఇన్నాళ్ళుగా కంటి మీద కునుకు లేకుండా గడిపాడో, దాన్ని స్వయంగా చేతులారా ఇంటికి పిలిచాడు. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నువ్వు వెళ్ళిపోతావని భయమేసిందమ్మా. అందుకే ఇదంతా."

"నాకు తెలుసు నాన్నా. నాకూ భయంగానే ఉంది. అయినా వెళ్ళాలనే ఉంది."

మేస్త్రి కళ్ళు తుడుచుకుని, "ఒక్క మాట చెప్పమ్మా. ఆవిడ అలా రాస్తే చెవి ఎందుకు ముట్టుకున్నావు?" అని అడిగాడు.

"జుట్టు మొహం మీద పడుతుంటే వెనక్కి తోసుకున్నా నాన్నా."

"అదీ సంగతి" అని మేస్త్రి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ పూట అమ్మాయి తలస్నానం చేసి జుట్టంతా తువ్వాలులో చుట్టి ముడేసుకుంది, ఆ ముడి ఇంకా విప్పనే లేదు.