చదవడం దగ్గర కాస్త కష్టం

ఆ ఉదయం గొడవ టీ వడకట్టే జల్లెడ దగ్గర మొదలైంది. ఇంటాయన దాన్ని కడిగి బోర్లించకుండా వెల్లకిలా పెట్టాడు. నీళ్ళెలా కారతాయని ఇల్లాలు అడిగితే, "ఎటు పెట్టినా దానికి చిల్లులే కదా" అన్నాడు. ఇలాంటి తర్కాలతో ఆమెకు పాతికేళ్ళ పరిచయం. పైగా ఆ రోజు అంతకన్నా పెద్ద పని ఉంది కనుక వదిలేసింది.

ఇంట్లో అందరూ అమ్మడు అని పిలిచే కూతురు మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష రాసింది. అందులో నాలుగు సెక్షన్లు. సైన్సు మూడింట్లోనూ మార్కులు దండిగా వచ్చాయి. నాలుగోది, ఒక వ్యాసం ఇచ్చి, రాసినవాడి ఉద్దేశమేమిటో చెప్పమనే సెక్షన్. అక్కడ చతికిలపడింది. మొత్తం బాగుందిగా అని అమ్మడి ధీమా. కాలేజీ వాళ్ళు ఏ సెక్షన్‌కా సెక్షన్ విడిగా చూస్తారనీ, ఒక్కదాంట్లో గీత దాటకపోయినా దరఖాస్తు పక్కన పడేస్తారనీ తల్లి పోరు. మళ్ళీ రాయడానికి పేరు నమోదు చేసుకునే గడువు ఆ రాత్రితో సరి. పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టుకుని మెత్తగా ఒప్పించాలనీ, అంతవరకు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తకూడదనీ ఆమె పథకం.

ఆయన ఫోనెత్తేదాకా పథకం బాగానే ఉంది. ఫలితాలేమయ్యాయని అక్కగారు అడిగితే, "అంతా బాగానే ఉందక్కా. చదవడం దగ్గరే కాస్త కష్టమవుతోంది" అన్నాడు. అక్కగారి భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. లోకంలో సగం కష్టాలు కళ్ళ నుంచే వస్తాయని ఆ దంపతుల నమ్మకం. ఇల్లాలు గదులు ఊడ్చేలోగా ఇద్దరూ అక్షరాల అట్ట చంకన పెట్టుకుని దిగారు.

"కళ్ళు కాదు వదినా. ఆ సెక్షన్లో మార్కులు తగ్గాయి" అని ఇల్లాలు మొత్తుకుంది.

"కనపడకపోతే మార్కులెలా వస్తాయమ్మా" అంది వదిన, జాలిగా.

అట్టని గోడకి తగిలించి అమ్మడిని ఎదురుగా నిలబెట్టారు. అది పై వరస నుంచి కింది వరసదాకా చదివి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివేసింది. పిల్ల గుర్తుపెట్టుకుని చెబుతోందని కళ్ళజోళ్ళాయన తేల్చాడు.

ఈలోగా వదిన మెట్ల మీద ఎదురైన కింది వాటా మాస్టారితో పాపం మేనకోడలికి చదవడం కష్టంగా ఉందని చెప్పుకుంది. రిటైరయ్యాక శిష్యులు కరువైన మనిషి ఆయన. అ, ఆలు బొమ్మలతో ఉన్న వాచకం పట్టుకుని పైకి వచ్చాడు. ఈ వయసులో నేర్చుకోవడానికి సిగ్గుపడకూడదని అమ్మడికి ధైర్యం చెప్పాడు. అది ఒళ్ళు మండి వాచకం మొదటి పేజీ గడగడా చదివేస్తే, అక్షరాలు వచ్చినట్టే ఉన్నాయి, గుణింతాలు చూద్దామన్నాడు.

ఇల్లాలికి పిచ్చెక్కినంత పనైంది. ఒకరికి విడమరిచి చెప్పేలోగా ఇంకొకరు అందుకుంటున్నారు. సాయంత్రందాకా కూతురితో ఒక్క మాటకి సందు దొరకలేదు. మొగుడి మీద విరుచుకుపడితే, తానన్నది ఒక్క ముక్కేనని నొచ్చుకున్నాడు.

రాత్రి భోజనాలకు మాస్టారితో సహా అందరూ కూర్చున్నారు. ఇక లాభం లేదు, వీళ్ళందరి ముందే అడిగేద్దామని ఇల్లాలు గరిటె కింద పెట్టింది. అంతలో అమ్మడే నోరు విప్పింది.

"నేను మళ్ళీ పరీక్ష రాస్తానమ్మా. ఇందాకే పేరు నమోదు చేసేశాను."

"నిన్న ససేమిరా అన్నావుగా?" అన్నాడు తండ్రి.

"పొద్దుటిదాకా ఆ సెక్షన్ దండగనుకున్నా. మీరన్నది ఒక్క ముక్క నాన్నా. దానికి అత్తయ్య నా కళ్ళు పోయాయనుకుంది, మాస్టారు నాకు ఓనమాలే రావనుకున్నారు. రేపు పేషెంటు ఒకటి చెబితే నేనూ ఇలా ఇంకోటి అర్థం చేసుకుంటే వాడు బతుకుతాడా?"

రోజంతా కూడబెట్టుకున్న మెత్తని మాటలన్నిటినీ ఇల్లాలు మంచినీళ్ళతో పాటు మింగేసింది. వదిన మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"పోన్లే తమ్ముడూ, చదవడం కష్టమైతేనేం, రాయడం వస్తోందిగా."