ఎనిమిది మీటలు

వరద నీళ్లు లాకు క్వార్టరు కిటికీ దాకా వచ్చిన ఏడు కాదు, దాని తర్వాత మూడో ఏడు. ఆ రోజు సోమవారం. పది గంటలకు లస్కరుకు పరీక్ష.

లస్కరు అంటే కాలవ మీద లాకు తలుపులు ఎత్తి దించే మనిషి. ఎగువ కాలవ మెరకలో ఉంటుంది, దిగువ కాలవ పల్లంలో ఉంటుంది. మధ్యలో తొట్టి, తొట్టికి చెరోవైపు తలుపు. పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపు దించి ముందు తలుపు ఎత్తాలి. రెండూ ఒకేసారి ఎత్తకూడదు. ఎత్తితే పై కాలవ కారిపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని ఆయన ముప్పై ఒక్క ఏళ్లు ఉద్యోగం చేశాడు. తలుపుకొక ఇనుప చక్రం. నూట నలభై చుట్లు తిప్పితే తలుపు పూర్తిగా లేస్తుంది. ఆయన చుట్లు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాడు. లెక్క భుజానికి తెలుసు.

ఆ ఏడు చక్రాల పక్కన అద్దాల గది కట్టి బోర్డు పెట్టారు. బోర్డు మీద ఎనిమిది మీటలు. తలుపులు ఎత్తడానికి రెండు, దించడానికి రెండు, కాలినడక వంతెన లేపడానికొకటి, దించడానికొకటి, దీపాలకొకటి, వరద సైరనుకొకటి. పరీక్ష ప్యాసైతే లాకు ఆయన చేతిలోనే ఉంటుంది. తప్పితే స్టోరుకు పంపుతారు. స్టోరుకు కిటికీ లేదు. రిటైరయ్యేదాకా అందులో కూర్చుని బోల్టులూ నట్లూ వేరు చేయాలి. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయనకు అన్నం సరిగ్గా దిగడం లేదు.

పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికి తలుపులకు గ్రీజు పెట్టాలి. తర్వాత స్నానం, టిఫిను. తొమ్మిది దాకా కోడలి దగ్గర కూర్చుని మీటలు నొక్కడం వేళ్లకు అలవాటు చేయాలి. ఆ పైన పరీక్ష.

కొడుకు బస్సు డ్రైవరు, తెల్లారకముందే వెళ్లిపోతాడు. కోడలికి రైలు టికెట్ల కౌంటర్లో మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున పని తెమిలాక టీవీ ముందు కూర్చుని ఒక గంట వీడియో గేమ్ ఆడుతుంది. కొట్లాట ఆట. తెర మీద ఇద్దరు వస్తాదులు కొట్టుకుంటారు, చేతిలో మీటల డబ్బా ఉంటుంది. ఆ ఆటకు పనితనం కావాలా, వేళ్లు ఆడితే చాలా అన్నదాని మీద మామా కోడళ్లకు ఆరునెలలుగా వాదన నడుస్తోంది.

"పిల్లి హార్మోనియం మీద నడిచినట్టు ఎడాపెడా నొక్కడం. దాన్ని ఆటంటారేంటమ్మా" అన్నాడు లస్కరు, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

"ఎడాపెడా నొక్కితే ఓడిపోతాం మామయ్యగారూ" అంది కోడలు. "అవతలివాడు చెయ్యెత్తితే కాచుకోవాలి. వాడు విసిరి ఖాళీ అయిన క్షణంలో మనం కొట్టాలి. ఏది నొక్కామన్నది కాదు, ఎప్పుడు నొక్కామన్నదే ఆట."

"అదంతా కనబడుతుందా? రెప్ప వేసేలోపు ఒకడు పడిపోతున్నాడు."

"చూడగా చూడగా కనబడుతుంది."

"ముప్పై ఏళ్లు చూశాక కనబడుతుందేమో. నాకున్నది గంట."

వంటింట్లోంచి లస్కరు భార్య కేకేసింది. "అమ్మాయ్, ఒకసారి ఇటొచ్చి ఈ డబ్బా మూత తీసిపెట్టు."

కోడలు లోపలికి వెళ్లింది. మూత తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ లోపల గుసగుసలు వినిపించాయి. బయటికొచ్చి కోడలు రెండో మీటల డబ్బా మామగారి చేతిలో పెట్టింది. "రండి, ఆడి చూద్దాం" అంది.

లస్కరు కళ్లద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నొక్కడానికి చూపెందుకని ఆయన లెక్క. పది వేళ్లూ దించాడు. వేళ్లు చాలక అరచెయ్యి కూడా వేశాడు. తెర మీద ఆయన వస్తాదు ఎగిరాడు, దొర్లాడు, గోడను తన్నాడు, తన నీడనూ తన్నాడు. కోడలి వస్తాదు కాసేపు నిలబడి, ఒక తన్ను వచ్చినప్పుడు దానికి ఎదురెళ్లి పడిపోయాడు. మూడు ఆటలు అలాగే జరిగాయి. మూడింటిలోనూ లస్కరే గెలిచాడు.

"ఆరునెలలుగా చెబుతున్నాను, చెవిన వేసుకోలేదు" అన్నాడు లస్కరు.

"మీరు చెప్పిందే నిజం మామయ్యగారూ" అంది కోడలు.

"చూడకూడదు, ఆలోచించకూడదు, ఆగకూడదు. అంతే కిటుకు."

"కొంచెం ఆలోచించినా పర్లేదేమో."

"ఆలోచించావు, ఓడిపోయావు" అన్నాడాయన, చెప్పులు వేసుకుంటూ.

అద్దాల గదికి వెళ్లే మెట్ల కింద మోటార్ల మెయిన్ స్విచ్ ఉంది. వరద రాత్రి ఆ స్విచ్ ఎవరో దించి మరిచిపోయారు. అప్పట్లో దానికి ఉన్న నీళ్లు తోడే పంపు తిరగలేదు. నీళ్లు క్వార్టర్లోకొచ్చి లస్కరు పెట్టెలూ పరుపులూ ముంచేశాయి. అప్పట్నుంచి అది దిగి ఉంటే ఆయన ఎత్తేస్తాడు. అటుగా పోతుంటే చెయ్యి దానంతటదే వెళుతుంది. ఆ రోజు తొమ్మిదిన్నరకు కరెంటు పని చేసే ఎలక్ట్రీషియన్ ఆ స్విచ్ దించాడు, ఇంజనీరు దించమన్నాడు కాబట్టి. పదికి ఐదు నిమిషాలుందనగా లస్కరు దాన్ని ఎత్తాడు. ఎత్తి మెట్లెక్కాడు.

గదిలో కుర్ర ఇంజనీరు కాగితాలతో కూర్చున్నాడు. పరీక్ష రాసేవాడి దృష్టి మరలకూడదని కిటికీలకు తెరలు వేయించాడు. ఏసీ గురగురమంటోంది.

"కూర్చోండి పెద్దాయనా. కంగారేం లేదు. మోటార్లకూ సైరనుకూ కరెంటు ఆపించాం. మీరేం నొక్కినా బోర్డు మీద దీపాలు వెలుగుతాయి, తలుపులు కదలవు."

లస్కరు విన్నాడు. స్విచ్ ఎత్తిన సంగతి ఆయనకు తట్టలేదు. చొక్కా గుండీ పెట్టుకున్న సంగతి ఎవరికి గుర్తుంటుంది.

"ఎగువ నుంచి పడవ వస్తోందనుకోండి. మొదలుపెట్టండి. పరీక్ష అయ్యేదాకా నేను మాట్లాడకూడదు, అది రూలు."

లస్కరు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎనిమిది మీటల మీదా రెండు చేతులూ దించాడు.

ఆ బోర్డులో దించే మీటల్ని మూడు సెకన్లు పట్టి ఉంచితేగాని పని జరగదు. ఎత్తే మీటల్ని తాకితే చాలు. భద్రత కోసం అలా చేశారు. లస్కరు వేలు ఏ మీట మీదా అర సెకను కూడా ఆగలేదు. ముందు కాలినడక వంతెన లేచింది. దాని వెనక ఎగువ తలుపూ దిగువ తలుపూ కలిసి లేవడం మొదలుపెట్టాయి. సైరను మోగింది.

ఇంజనీరు తలెత్తి, బోర్డు చేసిన కంపెనీవాళ్లు శబ్దం కూడా పెట్టారన్నమాట అనుకున్నాడు. కాగితం మీద "వేగం బాగుంది" అని రాశాడు. దాని కింద "శబ్దం నిజంలాగే ఉంది" అని రాశాడు.

కింద ఎలక్ట్రీషియన్ టీ తాగుతున్నాడు. స్విచ్ తన చేత్తోనే దించాడు. అంటే ఈ సైరను బోర్డుది కాదు. బోర్డుది కాకపోతే పై ఆఫీసు నుంచి మోగించారు. పై ఆఫీసు మోగించిందంటే వరదే. ఇంత చక్కగా ఆలోచించి అతను గ్లాసు పడేసి గోదాము కప్పెక్కాడు. ఎక్కేవాడు ఊరుకోకుండా "నీళ్లొస్తున్నాయి, పైకెక్కండి" అని అరుచుకుంటూ ఎక్కాడు.

మూడేళ్ల కిందటి వరద ఎవరూ మరిచిపోలేదు. వీధి వీధంతా పైకెక్కింది. కుట్టుమిషన్లు ఎక్కాయి, సైకిళ్లు ఎక్కాయి. కాలవకు ఇవతల సెలూన్లో సగం గడ్డం అయిన మనిషి అవతల ఉన్న తన ఇంటికి పరుగెత్తాడు. వంతెన లేచి నిలబడి ఉంది. అతను మెడలో గుడ్డతో కాసేపు దాన్ని చూసి, వెనక్కొచ్చి సెలూన్ ఆయనతో పాటే రేకుల మీదికెక్కాడు. తీరిగ్గా ఉన్నారు కాబట్టి రెండో చెంప అక్కడే పూర్తిచేశారు.

క్వార్టర్లో లస్కరు భార్య పత్రాల పెట్టె తీసుకుంది. కోడలు టీవీ మోసుకుని డాబా మీదికి వెళ్లింది.

"గేమ్ డబ్బాలు తెచ్చావా?" అంది అత్తగారు.

"తెచ్చాను. బియ్యం?"

"బియ్యం కిందే ఉంది."

కోడలు కిందికి దిగబోతూ ఎగువ కాలవ వైపు చూసింది. వరద వచ్చేటప్పుడు నీళ్లు పెరగాలి. ఇక్కడ తగ్గుతున్నాయి. ఒడ్డు మెట్లు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. పరీక్ష అయ్యేదాకా ఆగమని గుంజకు కట్టిన తనిఖీ పడవ ఒక పక్కకు ఒరిగింది. అందులోంచి తెల్లచొక్కా మనిషి ఒకాయన దిగి, మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాడు. లాకు రెండు తలుపులూ ఆకాశంలో ఉన్నాయి.

"అత్తయ్యా, అది వరద కాదు. మామయ్యగారు."

ఆమె మెట్లు దూకి పరుగెత్తింది. అద్దాల గది తలుపు తోసేసరికి లస్కరు మోచేతులు కూడా వాడుతున్నాడు.

"మామయ్యగారూ, చేతులు తీయండి. రెండు తలుపులూ లేచాయి."

లస్కరు చేతులు గాలిలో ఆగాయి. ఇంజనీరు కిటికీ తెర పక్కకు లాగి, కాలవ ఉండాల్సిన చోటు చూసి, మళ్లీ తెర వేశాడు.

లస్కరు లేచాడు. మెట్లు దిగాడు. స్విచ్ దించాడు, తను ఎత్తిన స్విచ్ అదేనని దించేటప్పుడు తెలిసింది. ఎగువ తలుపు చక్రం పట్టుకున్నాడు. యాభై ఏడేళ్ల మనిషి, నూట నలభై చుట్లు, మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఆఖరి పది చుట్లు మాత్రం నెమ్మదిగా తిప్పాడు. తలుపు అడుగుకు ఆనేటప్పుడు వేగంగా దింపితే అంచు విరుగుతుంది. తలుపు చప్పుడు లేకుండా కూర్చుంది. కారడం ఆగింది. అప్పుడు చక్రానికి ఆనుకుని కూర్చుని, స్టోరులో ఫ్యానైనా ఉంటుందా అని ఆలోచించాడు.

బురదలోంచి వచ్చిన తెల్లచొక్కా ఆయన పెద్ద ఇంజనీరు. ఒక కాలికి బూటు లేదు.

"ఎవరు నొక్కారు?" అన్నాడు.

"నేనే సార్."

"ఏవి నొక్కారు?"

"అన్నీ సార్."

"ఏ వరసలో?"

"వరసేం లేదు సార్."

పెద్ద ఇంజనీరు ఇంకా లేచే ఉన్న దిగువ తలుపు వైపు చూశాడు. అందరూ ఆయన బూటు లేని కాలి వైపు చూడకుండా నిలబడ్డారు.

"ఒక తలుపు లేచి ఉండగా రెండోది లేవకూడదు. బోర్డు ఒప్పుకోకూడదు" అని కుర్ర ఇంజనీరు వైపు తిరిగాడు. "ఆరునెలలు దీన్ని పరీక్షించానన్నారు. ఎలా పరీక్షించారు?"

"పుస్తకంలో ఉన్నట్టు సార్. ఒకదాని తర్వాత ఒకటి."

"నిజంగా నీళ్లొచ్చిన రోజు భయంతో ఉన్న మనిషి పుస్తకంలో ఉన్నట్టు నొక్కుతాడా?"

"నొక్కడు సార్."

"ఎలా నొక్కుతాడు?"

కుర్ర ఇంజనీరు లస్కరు వైపు చూశాడు. "అలా సార్."

ఆ సాయంత్రానికి కాగితం వచ్చింది. అనుభవజ్ఞుడైన లస్కరు తన నైపుణ్యంతో బోర్డులో ఉన్న ప్రమాదకరమైన లోపాన్ని పది నిమిషాల్లో బయటపెట్టాడని రాసి ఉంది. బోర్డును కంపెనీకి తిప్పి పంపుతారు. సరిచేసి వచ్చేదాకా లాకు చక్రాల మీదే నడుస్తుంది, లస్కరు ఉన్నచోటే ఉంటాడు. స్విచ్ సంగతి కాగితంలో లేదు. ఎలక్ట్రీషియన్ దించానన్నాడు, దిగే ఉంది.

ఇంట్లో కోడలు టీవీకి తీగలు కలుపుతోంది. లస్కరు కాగితం ఆమెకు చూపించాడు.

"నైపుణ్యమని రాశారు. చదువుకో."

కోడలు చదివి మడిచి ఇచ్చింది. తర్వాత తీగ చేత్తో పట్టుకునే, నేల వైపు చూస్తూ చెప్పింది. "మామయ్యగారూ, పొద్దున మూడు ఆటలూ నేను వదిలేశాను."

లస్కరు తన భార్య వైపు చూశాడు.

"నేనే చెప్పాను" అంది ఆవిడ. "పరీక్షకు వెళ్లే మనిషిని ఇంట్లో ఓడించి పంపుతారా?"

"మూత తీయమన్నది ఇందుకా?"

"మూత నిజంగానే రాలేదు."

లస్కరు కాగితం పెట్టెలో పెట్టి అన్నం తిన్నాడు. రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి తలుపులకు గ్రీజు పెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి టీవీ ముందు కుర్చీ లాక్కున్నాడు.

"మీ అత్తయ్య బజారుకెళ్లింది. ఇప్పుడు ఆడు" అన్నాడు కోడలితో.

"నిజంగానా మామయ్యగారూ?"

"నిజంగానే."

మొదటి ఆట పదకొండు సెకన్లు నడిచింది. రెండోది తొమ్మిది. ఆయన వస్తాదు ఎగిరాడు, దొర్లాడు, గోడను తన్నాడు, కింద పడ్డాడు. పంతొమ్మిది ఆటలు అలాగే పోయాయి. ఇరవయ్యో ఆటకు ముందు లస్కరు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, కాచుకునే బటన్ ఏదని అడిగాడు.