ప్రొఫెసర్ హార్ట్‌విగ్ గారి కొమ్ముల చట్టం

ఒక పెద్ద అడవిలో, మన మద్దిచెట్ల అడవి కాదు, ఏడాదిలో సగం మంచు కింద ఉండే జర్మనీ దేశపు అడవిలో, ఒక న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. జాతికి దుప్పి. పేరు హార్ట్‌విగ్. ఆయన కొమ్ములు ఎంత విచ్చుకుని ఉండేవంటే, ఏ గుహలోనూ పట్టేవి కావు. అందుకే పాఠాలన్నీ ఆరుబయటే.

ఆయనకు రెండు నమ్మకాలు. తాతలు చేసిందంతా ధర్మం. చట్టంలో రాసింది రాసినట్టే జరగాలి. "మినహాయింపు పెట్టిన చట్టం చిల్లుపడ్డ కుండ" అనేవాడు. కుర్ర దుప్పులు తలలూపేవి.

కుటుంబ విలువల మీద ఆయన మాట్లాడితే కుందేళ్లు కూడా కళ్లు తుడుచుకునేవి. ఆ కుటుంబంలో ఆయనకు డజను మంది పైనే భార్యలు. పిల్లలెందరో ఆయనకు తెలీదు. అది లెక్కల శాఖ విషయం, న్యాయశాస్త్రానిది కాదు.

మందను నడిపేది పెద్ద భార్య ఒట్టీలియా. గడ్డి ముందు ఎక్కడ మొలుస్తుంది, ఏరు ఎక్కడ దాటాలి, తోడేలు ఎటునుంచి వస్తుంది, అన్నీ ఆమే చూసుకునేది. ప్రొఫెసర్ గారు ఆకులు రాలే కాలంలో వచ్చి, నాలుగు కేకలు పెట్టి, రెండు పోట్లాటలు గెలిచి వెళ్లిపోయేవాడు. మంచు కరిగే వేళకి మాత్రం ఎవరికీ కనిపించేవాడు కాదు. "పరిశోధన సెలవు" అని చెప్పి పొదల్లో దూరేవాడు. వేసవిలో తిరిగొచ్చేవాడు, కొత్త గ్రంథంతో, కొత్త కొమ్ములతో. గ్రంథం గురించి అందరూ అడిగేవారు. కొమ్ముల గురించి అడగడం మర్యాద కాదని ఆడవాళ్లు ఊరుకునేవారు.

ఒక ఏడాది ఒక నక్క వచ్చింది. ఎన్నికలు నడపడం దాని వృత్తి. ఎవరు గెలిచినా ఊరేగింపులో ముందు అదే.

"సార్, మీలాంటి మేధావులు రాజకీయాల్లోకి రావాలి."

"నేను ఓట్లు అడగలేనయ్యా."

"మీరెందుకు సార్, మీ కొమ్ములు అడుగుతాయి. ఒక్క చట్టం రాసివ్వండి. అడవిపందికి కూడా నోటికి వచ్చేంత చిన్నది."

ప్రొఫెసర్ రాశాడు: "మందలో తగవు వస్తే, తలమీద కొమ్ములున్నవారిదే చివరి మాట."

నక్క మురిసిపోయింది. "ఆడవాళ్ల ఊసే ఎత్తకుండా ఆడవాళ్ల నోరు కట్టేశారు! చదువంటే ఇదీ."

ఒట్టీలియా కూడా చదివింది. "ఏమండీ, మంచు కరిగే కాలం సంగతి కూడా ఒక ముక్క రాయండి."

"చట్టంలోకి వాతావరణం తెస్తావేమిటి?"

"వాతావరణం కాదండీ, మీ తల..."

"నా తలలో ఏముందో నీకేం తెలుసు?"

"తలలో సంగతి కాదు. తలమీద సంగతి."

"చూశావుగా, అందుకే ఈ చట్టం కావాలి" అన్నాడాయన నక్కతో.

ప్రచార సభలో అడవిపంది లేచి, "నాకు కోరలే గానీ కొమ్ముల్లేవు. అయినా ఓటు మీకే సార్. మా ఆవిడకి కోరలు కూడా సరిగ్గా లేవు" అంది. చప్పట్లు మోగాయి.

వెనక వరసలోంచి కొండమేక వాల్‌బుర్గా లేచింది. ఒకప్పుడు ఆయన దగ్గరే చదివింది. "నీ తెలివికి మంచి సంబంధం దొరుకుతుందమ్మా" అని ఆయన దీవించి పంపిన విద్యార్థిని.

"సార్, ఇందులో మగవారని ఎక్కడా లేదే?"

"రాయక్కర్లేదమ్మా. అందరికీ అర్థమవుతుంది."

"అర్థమయ్యేది కాదు, రాసిందే చట్టమని క్లాసులో చెప్పారు కదా."

అందరూ నవ్వారు. వాల్‌బుర్గా తలమీద వంకీ తిరిగిన చిన్న కొమ్ములు రెండున్నాయి. ఆడదాని తలమీద ఉన్నవాటిని కూడా కొమ్ములే అంటారని ఆ సభలో ఎవరికీ తోచలేదు.

ప్రొఫెసర్ గెలిచి అడవి పెద్ద అయ్యాడు. చట్టం వచ్చింది. మంచూ వచ్చింది.

ఆ చలికాలం లోయలో మేత అయిపోయింది. ఏరు దాటించి మందను దక్షిణపు వాలుకి తీసుకెళ్తానంది ఒట్టీలియా.

"వీల్లేదు. మా తాత చలికాలమంతా ఈ లోయలోనే ఉన్నాడు."

"ఈ లోయలోనే పోయాడు కూడా."

"చివరి మాట నాది" అన్నాడు ప్రొఫెసర్.

పిల్లలు చెట్ల బెరడు కొరికారు. తర్వాత బెరడు కూడా అందలేదు. ఒట్టీలియా చిన్నకూతురు లిండె లేచి నిలబడితే కాళ్లు వణికేవి. ఒట్టీలియా అడవి సభకు మొరపెట్టుకుంది. మంచు కరగడం మొదలయ్యాక సభ పెడతామన్నారు.

సభ దగ్గరపడేసరికి ప్రొఫెసర్ గారికి తల దురద మొదలైంది. నక్కను పిలిచాడు.

"నాకు అర్జంటుగా పరిశోధన సెలవు కావాలి."

"రాజకీయాల్లో సెలవుండదు సార్. మీరు లేస్తే ఆ కుర్చీలో నేను... అంటే, ఇంకెవరో కూర్చుంటారు."

సభకు వచ్చే దారిలో, ఏటా ఈ వేళకి ఊడినట్టే, ఒక కొమ్ము ఊడి చెట్టుకొమ్మకి తగులుకుని అక్కడే ఉండిపోయింది. ఆయన తల ఒక పక్కకి ఒరిగింది. "ఒరగనివ్వండి సార్, వినయం అనుకుంటారు" అంది నక్క.

ఒట్టీలియా పెద్దగా ఉపన్యసించలేదు. "పిల్లలు లేవలేకపోతున్నారు. అవతలి వాలులో గడ్డి మొలిచింది. దారి నాకు తెలుసు. వెళ్లనివ్వండి."

ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. ఆచారం ప్రకారం సభకు వంగి నమస్కరించాడు. రెండో కొమ్ము ఊడి, అధ్యక్షస్థానంలో ఉన్న అడవిపంది ముందు ఠంగున పడింది.

"అది నాదే! పడినా నాదే!" అని అరిచాడాయన.

"ఎవరిదని కాదు సార్, తలమీద అని రాశారు" అంది వాల్‌బుర్గా.

"ఉద్దేశం చూడాలమ్మా, అక్షరం కాదు!"

"ఇదే మాట పరీక్షలో రాస్తే నాకు సున్నా వేశారు."

అడవిపంది సభంతా కలయజూసింది. మిగతా మగ దుప్పులు ఆవేళ ఒక్కరూ రాలేదు. అందరూ పరిశోధనలోనే ఉన్నారు. కొమ్ములున్న తల సభలో ఒక్కటే కనిపించింది.

"ఏమ్మా వాల్‌బుర్గా, చివరి మాట చెప్పు మరి" అంది చేసేదిలేక.

"దారి తెలిసినావిడ వెళ్తానంటోంది. వెళ్లనివ్వండి."

ఒట్టీలియా థాంక్స్ చెప్పడానికి కూడా ఆగలేదు. ఆకలిగొన్న పిల్లలున్న తల్లికి సభా మర్యాదలు గుర్తుండవు. నక్క మాత్రం వాల్‌బుర్గా వెంట పరుగెత్తింది. "మేడమ్, మీలాంటి మేధావులు రాజకీయాల్లోకి రావాలి!"

మంద ఏరు దాటింది. పిల్లలు పచ్చగడ్డిలో మూతులు పెట్టి, కడుపు నిండేదాకా తల ఎత్తలేదు. సాయంత్రానికి లిండె తల ఎత్తి చూసింది. అందరికన్నా వెనక, బోడితలతో ఒక దుప్పి సిగ్గుపడుతూ గడ్డి మేస్తోంది.

"అమ్మా, ఆ కొత్త పిన్ని ఎవరు?"

"పిన్ని కాదే. మీ నాన్న."

"మరి కొమ్ములేవీ?"

"పరిశోధనలో ఉన్నాయి" అంది ఒట్టీలియా, గడ్డి నములుతూ.

నీతి: కొమ్ములతో ఏలేవారు చట్టం ఎలా రాసుకున్నా పర్వాలేదు గానీ, సెలవు మాత్రం వేళకి పెట్టుకోవాలి.