ఒంటి తుమ్ము

పెందలాడే బయల్దేరితే తొమ్మిదికల్లా కాలేజీలో ఉండొచ్చని రాజారావు లెక్క. హామిల్టన్‌లో ఆ మాత్రం దూరం కారుకు ఒక దూరమా? ఎక్స్ఛేంజ్ మీద చిలీ నుంచి వచ్చి వీళ్ళింట్లో ఉంటున్న పిలార్, ఇవాళ కమిటీ ముందు తన న్యూజీలాండ్ అనుభవాల గురించి మాట్లాడాలి. నచ్చితే ఇంకో సెమిస్టర్ ఉంచుతారు. లేదంటే నెలాఖరుకు విమానం ఎక్కిస్తారు. "ఆ పిల్ల వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనుండలేనండీ" అని భార్య మంగాదేవి పొద్దుటి నుంచీ కళ్ళొత్తుకుంటూనే ఉంది.

సరిగ్గా గడప దాటబోతూ పిలార్ తుమ్మింది.

వసంతం వచ్చిందంటే పుప్పొడికి ఆ ఊరు ఊరంతా తుమ్ముతుంది. ఆ సంగతి మంగాదేవికి చెప్పేదెవరు?

"ఆగండి! ఒంటి తుమ్ము. కూర్చుని మంచినీళ్ళు తాగి కదలండి."

"టైమవుతోందే!"

"అవనీండి. పిల్ల భవిష్యత్తండీ!"

కూర్చున్నారు, తాగారు, లేచారు. పిలార్ మళ్ళీ తుమ్మింది.

"రెండోది వచ్చిందిగా, శుభమే!" అన్నాడు రాజారావు ఆశగా.

"వెంటవెంటనే వస్తేనే శుభం. మధ్యలో నీళ్ళు తాగితే మళ్ళీ మొదటిదే."

ఈ శాస్త్రం ఎక్కడుందని అడిగే ధైర్యం పెళ్ళయిన నాటి నుంచీ రాజారావుకు లేదు. నీళ్ళతో పిలార్ కడుపు నిండాక, ఇలా కాదని మంగాదేవి పసుపు కొమ్ము కాల్చి ఆ పిల్ల ముక్కు దగ్గర పొగ పెట్టింది. తుమ్ములు ఆగలేదు సరికదా, పైనున్న స్మోక్ అలారం లంకించుకుంది. పక్కింటి పెద్దాయన కంగారుపడి ఫోన్ చేశాడు. ఫైర్ ఇంజిన్ వచ్చి రాజారావు కారుకు అడ్డంగా ఆగింది.

"మంట ఎక్కడ?" అన్నాడు దిగిన ఆఫీసరు.

"మంట లేదు సార్, మా ఆవిడ..." అని రాజారావు ఒంటి తుమ్మును ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాడు.

కాలేజీ చేరేసరికి గంట ఆలస్యం. "అయ్యో, పిల్లను నా చేతులారా పంపించేసుకున్నానండీ!" అని మంగాదేవి వరండాలో భోరుమంది. తిడదామని నోరు తెరిచిన రాజారావు జాలేసి జేబురుమాలు అందించాడు.

లోపల పిలార్‌ను ఆలస్యానికి కారణం అడగడం తలుపు సందులోంచి వినబడింది. ఆ పిల్ల ఏమీ దాచలేదు. తుమ్ము మొదలు ఫైర్ ఇంజిన్ దాకా చెప్పి, "నేను తుమ్మితే ఇల్లంతా ఆగిపోయింది. మా అమ్మయినా ఆగదు" అంది. లోపలంతా ఒకటే నవ్వులు.

కమిటీ పెద్ద కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి మంగాదేవి చేతులు పట్టుకుంది. "ఒక్క సెమిస్టర్ కాదు, పిలార్ ఏడాది ఉంటుంది. ఇలాంటి ఇంటి కోసం ఇంకో ఇద్దరు పిల్లలు చూస్తున్నారు. తీసుకుంటారా?"

"ఓ!" అంది మంగాదేవి, మొగుడి వైపైనా చూడకుండా.

ఇప్పుడు రాజారావు గరాజ్‌లో పడుకుంటున్నాడు. కారు రోడ్డు మీద పడుకుంటోంది.