జడ్జిగారికి మార్కులు వేయబోయిన డెల్మర్

డెల్మర్ హచిన్స్ ఆ ఉదయం కాఫీ, మొక్కజొన్న రొట్టె ముగించి, మంచు తోడే పారను పికప్ బండి వెనక పడేసి కనుమ దాటాడు. అతను గడ్డి పండించే రైతు. ఆ ఏడాది మాత్రం జడ్జి లొరేనా ఆర్చులేటాను పదవిలో ఉంచాలా, ఇంటికి పంపాలా అని ఓటర్లకు సలహా చెప్పే తొమ్మిదిమంది కమిటీలో సభ్యుడు. నలుగురు ఉంచమన్నారు. ఆవిడకు ఓపిక లేదు, ఎవర్నీ నోరు తెరవనివ్వదని మరో నలుగురన్నారు. ఇక ఆవిడ కుర్చీ డెల్మర్ చేతిలో ఉంది. కోర్టులో వెనక బల్లమీద కూర్చుని చూసి రావాలి. ఎందుకొచ్చాడో అక్కడెవరికీ తెలియకూడదు. అది నియమం.

మోకాళ్లు దాటిన మంచు వల్ల ఆ పూట కోర్టుకు అతనొక్కడే వచ్చాడు. "వాల్టర్ ప్రూయిట్!" అని గుమాస్తా పిలిచింది. ఎద్దులు రోడ్డెక్కిన కేసు. ఉన్న ఒక్క మనిషినీ చూసి, "మీరేగా?" అంది.

అవునంటే అబద్ధం. కాదంటే మరెవరని అడుగుతారు, చెబితే నియమం తప్పినట్టు. డెల్మర్ టోపీ ఒళ్లో పెట్టుకుని నోరు మూసుకున్నాడు.

జడ్జిగారు అతని హక్కులన్నీ నిదానంగా చదివారు. పలుకు లేదు. చెవుడేమోనని గొంతు పెంచారు. స్పానిష్‌లో మళ్లీ మొదటినుంచీ చెప్పారు. చెవికి పెట్టుకునే యంత్రం తెప్పించారు. గుమ్మడికాయలంత అక్షరాలతో కాగితాలు నింపారు. ఫోన్‌లో ఒక లాయరును కుదిర్చారు. జబ్బేమోనని నర్సును పిలిపిస్తే, ఆమె నాడి చూసి గుర్రంలా ఉన్నాడని చెప్పి వెళ్లింది. చివరికి నల్లగౌనుతోనే దిగివచ్చి పక్కన కూర్చున్నారు.

"తొందరేం లేదు పెద్దాయనా. ఎద్దులు చేసినదానికి మీరింత కుమిలిపోకండి. మా ఇంట్లోనూ ఒక గాడిద ఉంది."

కొండే నడిచొచ్చి పక్కన కూర్చున్నట్టు డెల్మర్ ఒళ్లు పులకరించింది. ఇంత ఓపిక అరవై ఎనిమిదేళ్లలో ఈనే ఆవు దగ్గర తప్ప చూడలేదు.

సరిగ్గా అప్పుడే, మీసాలకు మంచు పట్టిన అసలు ప్రూయిట్ తలుపు తోసుకొచ్చాడు.

"ఏంటి డెల్మర్, నా ఎద్దుల తగువులో నువ్వేం చేస్తున్నావు? జడ్జిగారికి మార్కులేసే కమిటీలో ఉన్నావుగా?"

జడ్జిగారు నెమ్మదిగా లేచి తన కుర్చీలోకి వెళ్లారు. "మీ నోరు కట్టేసింది నియమమా, మొండితనమా?"

"నియమమేనమ్మా. మొండితనం సొంతది."

ఆ జడ్జి ముందు నిలబడినవాడికి ఓటు లేదని కమిటీ అతన్ని పక్కన పెట్టింది. నాలుగుకు నాలుగైతే ఉంచమని కమిటీ చెప్పలేదు, తన వల్లే ఆవిడ పదవి పోతుందని డెల్మర్ కుంగిపోయాడు. కానీ అతను చేసిన నిర్వాకం తేల్చడానికి మిగిలిన ఎనిమిదిమంది కోర్టు రికార్డింగు మొత్తం విన్నారు. నోరు తెరవనివ్వదన్న నలుగురూ తమ మాట వెనక్కి తీసుకున్నారు. ఎనిమిది ఓట్లూ ఆవిడకే పడ్డాయి.

కోర్టుకు వచ్చిన అందరికీ వెళ్లినట్టే డెల్మర్‌కూ ఒక ప్రశ్నాపత్రం వచ్చింది. మాట్లాడటానికి జడ్జి తగినంత సమయం ఇచ్చారా అన్నచోట అతను రాశాడు: "నలభై నిమిషాలు ఇచ్చారు. వాడుకోలేదు."