బాత్‌రూమ్ ద్వారబంధం

ఆ శుక్రవారం పొద్దున్న భీమరాజు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. స్కూలుకి సెలవు పెట్టి, దగ్గరుండి బాత్‌రూమ్‌కి తలుపు పెట్టించుకోవాలి. సాయంత్రం ఆ తలుపు వేసుకుని, లోపల గడియ పెట్టుకుని, నోరు మూసుకుని హాయిగా స్నానం చేయాలి. రామచంద్రపురం పక్క ఊళ్లో హైస్కూలు గుమాస్తాగా రోజంతా పదిమందికీ సమాధానం చెప్పే మనిషికి ఇంతకన్నా చిన్న కోరిక ఏముంటుంది?

వాళ్లది తాతల నాటి పెంకుటిల్లు. బాత్‌రూమ్ పెరట్లో విడిగా ఉంటుంది. దాని తలుపుని కిందటి వానాకాలంలో చెదలు తినడం మొదలుపెట్టి, ఈ వానాకాలానికి భోజనం ముగించాయి. అప్పట్నుంచీ అక్కడ గోనెపట్టా వేలాడుతోంది. లోపల మనిషున్నట్టు బయటివాళ్లకి తెలియాలంటే గొంతు వినిపిస్తూ ఉండాలి. భార్య సత్యవాణికి మంగళహారతులు వచ్చు. భీమరాజుకి పాటలు రావు కాబట్టి ఎక్కాలు చదువుతాడు. పదమూడో ఎక్కంలో తడబడితే వంటింట్లోంచి సత్యవాణి అందిస్తుంది.

పోయిన ఆదివారం ఈదురుగాలికి ఆ గోనెపట్టా కాస్తా పైకి లేచింది. పక్కింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్న మహాలక్ష్మమ్మగారు చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు. ఆవిడ ఊరుకోలేదు. "భీమరాజూ, వీపు మీద సబ్బు అలాగే ఉండిపోయింది నాయనా," అంది. పెద్దావిడ, తల్లిలాంటిది, మంచికే చెప్పింది. భీమరాజు మాత్రం ఆ మధ్యాహ్నమే వడ్రంగి ఆరోన్ మేస్త్రికి కబురు పెట్టాడు.

పాత ఇళ్ల చెక్కపనికి ఆరోన్ పెట్టింది పేరు. ఏ పని చెప్పినా "అదెంత పనండి" అంటాడు, సామాను దింపగానే టీకి వెళ్లిపోతాడు. ఈసారి చెదపురుగుకి పళ్లు ఊడాలని భీమరాజు పట్టుబట్టడంతో, కూల్చేసిన రైసుమిల్లు తాలూకు టేకు దూలం కోసి తలుపుతో సహా ద్వారబంధం చేశాడు. టేకు వరకు భీమరాజు అడిగిందే. పైకమ్మీ మీద పద్మాలు మాత్రం ఎవరూ అడగలేదు.

"బాత్‌రూమ్‌కి పద్మాలేంటయ్యా?" అన్నాడు భీమరాజు, ఆటోలోంచి దిగుతున్న ద్వారబంధాన్ని చూసి.

"చెక్క బావుందండి. ఖాళీగా వదిలేయడానికి చెయ్యి రాలేదండి," అన్నాడు ఆరోన్. దాన్ని వీధి అరుగుకి ఆనించి, టీ తాగొస్తానని వెళ్లాడు. ఈలోగా గోనెపట్టా చాటున ఆఖరి స్నానం కానిచ్చేసి దానికో నమస్కారం పెట్టేద్దామని భీమరాజు పెరట్లోకి నడిచాడు.

అక్కడే కొంప మునిగింది. అది శ్రావణ శుక్రవారం. మహాలక్ష్మమ్మగారింట్లో వ్రతం. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లందరూ చేతుల్లో పసుపూ కుంకుమా పెట్టుకుని వీధిలోకి వచ్చేసరికి ఎదురుగా కొత్త ద్వారబంధం, దాని మీద పద్మాలు. ఈ ప్రాంతంలో కొత్త గడప కనబడితే పసుపు రాయకుండా దాటిపోయే ముత్తయిదువ ఇంకా పుట్టలేదు. మహాలక్ష్మమ్మగారు పసుపు రాసింది. రెండో ఆవిడ బొట్లు పెట్టింది. ఇంకొకావిడ మామిడి తోరణం కట్టింది. ఉన్నవాళ్లలో చురుకైన అమ్మాయి ఫొటో తీసి, "భీమరాజు అంకుల్ వాళ్ల కొత్తిల్లు" అని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసింది.

భీమరాజు పదిహేడో ఎక్కంలో ఉండగా వీధిలో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినబడింది. తువ్వాలు చుట్టుకుని పరుగున వచ్చేసరికి బాత్‌రూమ్ ద్వారబంధం పెళ్లికూతురులా నిలబడి ఉంది. దాని ముందు హారతి వెలుగుతోంది. పట్టుకున్నది సత్యవాణే.

"ఎంత పని చేశారండీ. అది బాత్‌రూమ్‌ది," అన్నాడు.

సత్యవాణి హారతి పళ్లెం కిందికి దించింది.

"నీకు తెలుసు కదా," అన్నాడు భార్యతో.

"తెలుసండి. కానీ పెద్దావిడ పసుపు రాస్తుంటే వద్దంటానా, శుక్రవారం పూట?"

"సరే, కడిగేద్దాం. అరబకెట్టు నీళ్లతో పోయేదానికి ఇంత గొడవెందుకు?"

మహాలక్ష్మమ్మగారు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "శుక్రవారం గడప మీద పసుపు కడుగుతావా నాయనా? లక్ష్మీదేవిని పిలిచి, బొట్టు పెట్టి, కాయ కొట్టి, ఇప్పుడు బాత్‌రూమ్ వాకిట్లో నిలబెడతావా? చెంబు పట్టుకుని దాటతావా ఆ గడపని?"

భీమరాజు తువ్వాలు బిగించుకున్నాడు. ఒళ్లు మండిపోతోంది. కానీ తువ్వాలు మీదున్న మగవాడు పట్టుచీరల గుంపుతో వాదించి గెలిచిన దాఖలాలు లేవు. ఈలోగా జేబులో లేని ఫోను ఇంట్లో మోగడం మొదలైంది. హెడ్మాస్టరు. "ఏంటండీ భీమరాజుగారూ, ఇల్లు కడుతూ మాట మాత్రం చెప్పలేదు?" ఆ తర్వాత ఇసుక లారీ వాడు. ఆ తర్వాత పంచాయతీ నుంచి ఎవరో, ప్లాను ఎప్పుడిస్తారని. ప్రతివాడికీ "బాత్‌రూమ్ తలుపండి బాబూ" అని చెప్పాడు. ఒక్కడూ నమ్మలేదు. పైగా హెడ్మాస్టరు నొచ్చుకున్నాడు కూడా.

టీ తాగొచ్చిన ఆరోన్ సంగతి విని ఏమాత్రం చలించలేదు. "అదెంత పనండి. దీన్ని కొట్టుగదికి పెట్టేద్దాం, కొలత ఒకటేనండి. కొట్టుగది తలుపు ఊడదీసి బాత్‌రూమ్‌కి బిగించేద్దాం. అది కూడా టేకేనండి."

మహాలక్ష్మమ్మగారు ఆలోచించింది. కొట్టుగదిలో ఉండేది ధాన్యం. ధాన్యమంటే లక్ష్మి. ఆవిడ ఒప్పుకుంది. ఈ ఇల్లు తనదో ఆవిడదో భీమరాజుకి అర్థం కాలేదు గానీ, దారి దొరికినందుకు దణ్ణం పెట్టుకున్నాడు.

పెరటి వసారాలో ఉన్న కొట్టుగది తలుపు ఊడదీయడానికి మధ్యాహ్నమైంది. ద్వారబంధంతో పాటు నిలువెత్తు గోడ కూడా ఊడి వచ్చింది. "పాత గోడండి, దానికీ విశ్రాంతి కావాలి కదండి," అన్నాడు ఆరోన్. సాయంత్రానికల్లా ఆ తలుపు బాత్‌రూమ్‌కి బిగిసిపోయింది. రెండు బలమైన రెక్కలు, లోపల చేతి మందం గడియ, బయట తాళం వేసుకునే గొళ్లెం. భీమరాజు లోపలికి వెళ్లి గడియ వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. లోపల చీకటిగా, నిశ్శబ్దంగా ఉంది. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

బయటికి వచ్చేసరికి కొట్టుగది దగ్గర పని ఆగిపోయి ఉంది.

"ఎత్తమంటే ఎత్తేస్తానండి," అంటున్నాడు ఆరోన్. "మా ఇళ్లల్లో అయితే పాస్టరుగారొచ్చి ప్రార్థన చేస్తే చాలండి, ఏ రోజైనా పర్లేదు. మీవి మీకుంటాయి కదండి."

"ముహూర్తం లేకుండా ద్వారబంధం ఎలా ఎత్తుతారు?" అంటోంది మహాలక్ష్మమ్మగారు.

"ఇందాక బాత్‌రూమ్‌ది ఎత్తారు కదా పిన్నిగారూ?" అన్నాడు భీమరాజు.

"బాత్‌రూమ్‌కి ముహూర్తమేంటి నాయనా, చోద్యం కాకపోతే."

పురోహితుడికి ఫోను చేశారు. ఇప్పుడు మూఢం నడుస్తోంది. అది వెళ్లేసరికి భాద్రపదం, శూన్యమాసం. పితృపక్షాలూ అందులోనే. దసరా దాటాక చూద్దామన్నాడాయన. అందాకా కొట్టుగదికి వాకిలి ఉంటుంది, తలుపుండదు.

అదే సమయానికి సత్యవాణి చెల్లెలు ఉషారాణి రాజమండ్రి నుంచి కారులో దిగింది. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె, అక్కాబావలకి కొత్తబట్టలు తెచ్చింది. "స్టేటస్ చూసి తెలుసుకోవాలా బావగారూ? సొంత మరదలికి ఒక్క ఫోను చెయ్యలేకపోయారా?" అని కళ్లు తుడుచుకుంది. అసలు సంగతి విన్నాక ఏడుపు ఆపి, కొట్టుగది వైపు చూసింది. "అయితే రాత్రి ఈ బస్తాలూ, ఇత్తడి సామానూ ఇలాగే వదిలేస్తారా అక్కా? పెరటి గోడ మోకాలెత్తు కూడా లేదు."

భీమరాజు ఆ మాటలు పట్టించుకోలేదు. ఎవరి గొడవ వాళ్లది. అతను ఇంట్లోకి వెళ్లి, గంటసేపు ఇంకా మోగుతున్న ఫోనుకి జవాబులు చెప్పి, కొత్త సబ్బు విప్పుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, పెళ్లికొడుకు నడకతో పెరట్లోకి వచ్చాడు.

బాత్‌రూమ్ లోపల నేల కడిగి ముగ్గు పెట్టి ఉంది. ముగ్గు మీద బల్లచెక్కలు, వాటి మీద ధాన్యం బస్తాలు. వాటి పైన ఇత్తడి గుండిగలు, అత్తగారి నాటి ఇనప్పెట్టె, ఉషారాణి సూట్‌కేసు. అతని బకెట్టు బయట ఉంది.

"ఏంటిది?" అన్నాడు.

"ఇంట్లో తాళం పడే గది ఇదొక్కటే కదండీ," అంది సత్యవాణి.

"కొట్టుగది తలుపు ఎక్కడుంటే అదే కొట్టుగది," అంది మహాలక్ష్మమ్మగారు, తీర్పు చెబుతున్నట్టు.

"పొద్దున్న గడప దాటితేనే పాపమన్నారు. ఇప్పుడు ధాన్యలక్ష్మిని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారా?"

"మంచిమాట అన్నావు. ఆ లోటెందుకు?" అని మహాలక్ష్మమ్మగారు వంగి, ఆ గడపకి కూడా దండిగా పసుపు రాసి, బొట్లు పెట్టింది. సత్యవాణి బయట తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. భర్త ముఖం చూసి, "ఈ నాలుగు రోజులూ బోరింగు దగ్గర కానిచ్చేయండి. మగాళ్లకి తలుపెందుకండీ?" అంది మెల్లగా.

భీమరాజుకి అరవాలనిపించింది. అరిచి ప్రయోజనం లేదని యాభై ఏళ్ల అనుభవం చెప్పింది. ఊళ్లోకెల్లా గట్టి తలుపున్న బాత్‌రూమ్ తనది, అందులో తనకి తప్ప అన్నిటికీ చోటుంది.

మర్నాడు పొద్దున్న నడివీధికి కనబడేలా బోరింగు పక్కన కూర్చుని తలకి సబ్బు రుద్దుకుంటుంటే ఆరోన్ పనిముట్ల సంచితో వచ్చాడు. పసుపు రాసిన బాత్‌రూమ్ గడపనీ, దానికి వేలాడుతున్న తాళాన్నీ చూసి, అంతా అర్థమైనట్టు తలూపాడు.

"పోన్లెండి, ఇంకో బాత్‌రూమ్ కట్టుకుందాం. ద్వారబంధానికి మిల్లు దూలం ఇంకో ముక్క ఉందండి. ఈసారి చిలకలు చెక్కనాండి?"

భీమరాజు కళ్లు మూసుకునే, ఈసారి ప్లాస్టిక్‌ది పట్టుకురమ్మన్నాడు.