సాగరదర్శిని కాలనీలో వాయుగుండం

గూడూరుకు పడమట, నిమ్మతోటల మధ్య నెలకొన్న సాగరదర్శిని కాలనీలో తీవ్ర వాయుగుండం ఏర్పడిందని, ప్రజలు ఆందోళన చెందవద్దని అధికారులు ప్రకటించారు. సముద్రం అక్కడికి ఎంత దూరమని అడగకండి. దర్శనం పేరులో ఉంది, అది చాలు.

ఆ కాలనీవాసులు రేవు కట్టడం కోసం సముద్రపు ఒడ్డునున్న తమ పాలెం ఖాళీ చేసి వచ్చిన చేపలవాళ్ళు. వీరిని కాందిశీకులు అనకూడదు, పునరావాస లబ్ధిదారులు అనాలి. ఇంత లబ్ధి పొంది కూడా వీరికి నిద్ర పట్టడం లేదు. చిన్నపోలయ్య అనే లబ్ధిదారు మరీ మొండివాడు. వచ్చిన నాటినుంచి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పలకడు. భార్య చెంచమ్మ ముద్ద కలిపి నోట్లో పెడితే నమలడం కూడా మరచిపోతాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. దక్కుతాడో లేదోనని ఆమె బెంగ.

ప్రభుత్వానికి దయ ఎక్కువ కనుక మానసిక నిపుణురాలు వినీల గారిని పంపింది. ఆమె అతని ఎదుట చాలాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకుని, ఇంగ్లీషులో నివేదిక రాశారు. కాలనీలో డిప్రెషన్ తీవ్రంగా ఉంది, చిన్నపోలయ్య ఇంట్లో మరీ ఎక్కువ, ఆర్నెల్లుగా కదలిక లేదు, తక్షణం ఏదైనా చేయాలి అని. పాలనంతా తెలుగులోనే సాగాలన్న ఉత్తర్వు అప్పుడే కొత్తగా వచ్చి ఉంది. అనువాద విభాగం వారు నిఘంటువు తిరగేశారు. వాతావరణ పరిభాషలో డిప్రెషన్ అంటే వాయుగుండమే కనుక వారిని తప్పు పట్టడానికి లేదు. "వాయుగుండం చిన్నపోలయ్య ఇంట్లో కేంద్రీకృతమై ఆరు నెలలుగా స్థిరంగా ఉన్నది" అంటూ ఫైలు విపత్తుల శాఖకు చేరింది.

ఇంత ఓపికగల వాయుగుండం చరిత్రలో లేదని శాఖవారు ముచ్చటపడ్డారు. విపత్తుల అధికారి పెంచలప్రసాద్ గారు లారీమీద పడవ వేసుకుని నిమ్మతోటల్లోకి వేంచేశారు. మండుటెండలో గొడుగు కింద నిలబడి, "గాలి యాడుందమ్మా?" అని చెంచమ్మను అడిగారు.

"గాలా? గాలాడకే గదయ్యా మేం చస్తా ఉండేది. మా ఆయన లోపల కూచోనుండాడు, వచ్చి చూడండి."

ఆయన లోపలికి వెళ్ళి చూశారు. తుఫాను ముందు ఇలాగే నిశ్శబ్దంగా ఉంటుందని రాసుకున్నారు.

నిబంధనల ప్రకారం జనాన్ని వారి పేరిట నమోదైన తుఫాను షెల్టరుకు తరలించాలి. ఆ షెల్టరు పాత పాలెంలో, రేవు గోడ పక్కన, సముద్రపు ఒడ్డునే ఉంది. రికార్డు మార్చాలని ఎవరికీ తోచలేదు. సముద్రం నుంచి తరలించినవాళ్ళను వాయుగుండం బారినుంచి కాపాడేందుకు మళ్ళీ సముద్రం దగ్గరికే తరలించారు. బలవంతం చేయడానికి పోలీసులు వచ్చారు గాని, లారీలు ఆగకముందే జనం ఎక్కేశారు. చిన్నపోలయ్యను మాత్రం నలుగురు మోసుకొచ్చి ఎక్కించారు.

లారీ దిగిన చిన్నపోలయ్య తనంతట తానే నడిచి మోకాటిలోతు నీళ్ళలో నిలబడ్డాడు. కాసేపటికి వెనక్కి తిరిగి, "ఏమే, ఆకలౌతా ఉంది. కూడు పెట్టు" అన్నాడు. చెంచమ్మ షెల్టరులో ఇచ్చిన పులిహోర తెచ్చి పెట్టి, అతడు నములుతుంటే చూస్తూ ఏడ్చింది. ఆ పూట షెల్టరంతా గురకలే.

వినీల గారు పరుగున వచ్చి పరీక్షించి, డిప్రెషన్ బాగా తగ్గింది, వీళ్ళను ఇక్కడే ఉంచండి అని రాశారు. మొదటి సగం అనువాదమయ్యేసరికి ఆఫీసు వేళ ముగిసింది. పెంచలప్రసాద్ గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఒక్క ప్రాణనష్టమూ లేకుండా వాయుగుండాన్ని తీరం దాటించిన ఘనత మనది. ముప్పు తొలగింది కనుక మీరంతా నిశ్చింతగా కాలనీకి వెళ్ళవచ్చు."

సిబ్బంది చప్పట్లు కొట్టారు. చెంచమ్మ ఆయన దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది. "అయ్యా, ఇంకో వాయుగుండం ఎప్పుడొస్తాది?" అని అడిగింది. విపత్తుల పట్ల ప్రజల్లో పెరిగిన ఆసక్తికి ఆయన హర్షం వెలిబుచ్చారు. తిరుగు లారీలో చిన్నపోలయ్య పక్కనున్న అడ్డచెక్కవైపు తిరిగి కూర్చున్నాడు. గూడూరు దాటేసరికి మళ్ళీ పలకడం మానేశాడు.

ఆ రోజు నెల్లూరులో మనం కూడా సెల్‌ఫోన్లో హెచ్చరిక చూసుకుని, మిద్దెమీది బట్టలు గబగబా తీసేశాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. మనకు చినుకు పడలేదు కనుక ఎక్కడా ఏమీ జరగలేదని తేల్చుకుని, బట్టలు మళ్ళీ ఆరేసుకున్నాం.